మధ్యలో ఎగిరిపోయిన రోడ్డు

కిందటి నెలలో మా మావయ్యగారు పోయారు. ఆస్పత్రిలో కాదు, పటమటలో మా ఇంట్లోనే, హాల్లో కిటికీ పక్కన వేసిన మంచం మీద, మధ్యాహ్నం దాటాక. మావయ్యగారంటే మా ఆయన తండ్రి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరైన మనిషి. ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి నాకు ఆయన మావయ్యగారే. పేరు రాస్తే ఎవరో పరాయి పెద్దమనిషి గురించి చెబుతున్నట్టుంటుంది.

పెద్దకర్మ నాడు ఆయనతో పనిచేసినవాళ్ళు వచ్చారు. భోజనాల దగ్గర ఆయన కబుర్లే చెప్పుకున్నారు. ప్యానెల్ మీద ఎర్రలైట్లన్నీ ఒకేసారి వెలిగినా చేతిలో టీ గ్లాసు తొణికేది కాదట. చివరికి అందరూ ఒకటే మాట అన్నారు, భయమంటే ఏంటో తెలియని మనిషి అని. మా ఆయన తల ఊపారు. నేను పెరుగు వడ్డిస్తూ ఊరుకున్నాను. కర్మ భోజనాల దగ్గర వాదన పెట్టుకోకూడదు కదా. మీతో మాత్రం చెప్పాలి. ఆయనకి భయం తెలుసు, చాలా బాగా తెలుసు. కిందటి చలికాలం నుంచి ఈ వానాకాలం దాకా మా ఇంట్లో భయం కాపురం చేసింది. దానితో ఒకే కప్పు కింద ఎలా మసలుకోవాలో నాకు నేర్పింది ఆయనే.

నా సంగతి వేరే చెప్పక్కర్లేదు. నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ సిలిండర్ మార్చాలంటే పక్కింటావిడని పిలుస్తాను. లిఫ్ట్ కాస్త కుదిపితే చాలు, ముక్కోటి దేవతలూ నా నోట్లోనే ఉంటారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన స్కూటీ నేర్పిస్తానంటే బ్రేకు ఎక్కడుందో తెలిసేలోపే దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు. మావయ్యగారికి ఇదంతా పెద్ద వినోదం. మా కోడలు తన నీడ కనిపించినా హారన్ కొడుతుంది అనేవారు వచ్చినవాళ్ళతో. కానీ వంటింట్లో మిక్సీ కాలుతున్న వాసనొస్తోందండీ అని నేనంటే మాత్రం నవ్వేవారు కాదు. లేచి వచ్చి, స్విచ్చి కట్టేసి, వాసన చూసేవారు. "భయం అలారం లాంటిదమ్మా. దాని నోరు మూయించడం తేలికే. ఎందుకు అరిచిందో చూడ్డమే ఉద్యోగం," అనేవారు.

నేను ఇంట్లోనే ఉండి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. మాది పెడన. మా పుట్టింట్లో మగ్గం గుంటలో కూర్చుని పోగులు చూసే కళ్ళు ఇప్పుడు స్క్రీన్ ముందు కూర్చుని తలంబ్రాలు చూస్తున్నాయి, అంతే తేడా. ఆ పనికి నా పాత కంప్యూటర్ చాలక, ఆటలాడేవాళ్ళు కొనుక్కునే గేమింగ్ కంప్యూటర్ ఒకటి తీసుకున్నాం. ఒక పక్క అద్దం, లోపల రంగు రంగుల లైట్లు, ముందు జల్లెడలాంటి రేకు. చూసినవాళ్ళందరూ ఎంతయిందని అడిగారు. మావయ్యగారు ఒక్కరే చుట్టూ తిరిగి చూసి, ఇందులో గాలి ఎటునుంచి లోపలికి పోతుంది, వేడి ఎటునుంచి బయటికొస్తుంది అని అడిగారు.

తరవాత మా ఆయన అందులో లారీ నడిపే ఆట ఒకటి వేశారు. సరదాకి వేశారు గానీ దాన్ని పట్టుకున్నది మాత్రం మావయ్యగారు. ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో స్టీరింగూ పెడళ్ళూ తెప్పించుకున్నారు. మా అత్తగారిని నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయారు. ఆవిడ కుట్టుమిషను బల్ల ఒకటి మిగిలింది. స్టీరింగ్‌ని ఆ బల్లకి బిగించి, ఆవిడ కాళ్ళు ఆడించిన చోట పెడళ్ళు పెట్టుకున్నారు. ఎందుకండీ ఈ వయసులో లారీ అని అడిగితే, ఉద్యోగమంతా కిటికీ లేని గదిలో చేశాను, రోడ్డు చూడాలని ఉందన్నారు. నేను మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చే సమయం ఆయనది.

ఆయన నడపడం చూడాలి మీరు. అది ఏదో చల్లని దేశం, కనుచూపు మేరలో మనిషన్నవాడు ఉండడు. అయినా ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేవారు. ఇండికేటర్ వెయ్యకుండా లైన్ మారేవారు కాదు. సరుకు దించాక లారీ చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూసుకునే వీలు ఆటలో లేదని ఆయనకి పెద్ద వెలితి. మా పాప పక్కన నిలబడి, తాతయ్యా, ఇంకొంచెం స్పీడు అంటే, స్పీడు కోసం కాదమ్మా రోడ్డెక్కేది, ఇంటికి చేరడానికి అనేవారు.

దసరాకి ఆయుధపూజ చేశారు. స్కూటర్‌కి చేశారు, మిక్సీకి చేశారు, చివరికి కంప్యూటర్‌కీ చేశారు. వాహనమన్నాక ముందు భాగానికే కదా అలంకారం. ఆ జల్లెడ రేకుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బారెడు బంతిపూల దండ అడ్డంగా వేశారు. పెడళ్ళ కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. పండగ వెళ్ళాక దండ తీస్తానంటే ఒప్పుకోలేదు. పూజ చేసిన పూలు చెత్తబుట్టలో వెయ్యకూడదు, పారే నీళ్ళలో కలపాలి, ఎవరైనా కృష్ణ ఒడ్డుకి వెళ్ళినప్పుడు ఇచ్చి పంపుదాం అన్నారు. ఎవరూ వెళ్ళలేదు. దండ అక్కడే వాడిపోయి, ఎండి, పొడి రాలడం మొదలైంది.

అప్పుడే ఆట నత్తనడక పట్టింది. స్క్రీన్ మీద కదిలేదంతా నిజానికి బొమ్మ తరవాత బొమ్మ, సెకనుకి అరవై బొమ్మలు మారితే కంటికి నీళ్ళు పారినట్టుంటుంది. దాన్నే ఫ్రేమ్ రేటంటారు. అది ముప్ఫైకి, ఇరవైకి పడిపోతే లారీ ఎడ్లబండిలా గెంతుతూ పోతుంది. నా వీడియోలు కూడా అలాగే నత్తిగా ఆడుతున్నాయి. నేను డ్రైవర్ పాతబడింది అన్నాను. డ్రైవరంటే లారీ డ్రైవర్ కాదు, గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్. ఆయన, నన్నే అంటున్నావా అమ్మాయ్ అని నవ్వారు. నేనైతే ఒక్కసారిగా అన్నీ మార్చేసేదాన్ని, ఆయన పడనివ్వలేదు. ఒక్కటి మార్చు, నడిపి చూడు, తేడా లేకపోతే ఉన్నచోట ఉన్నట్టు పెట్టు, అప్పుడు రెండోది ముట్టుకో. ఇదీ ఆయన పద్ధతి. డ్రైవర్ మార్చాం. ర్యామ్ తీసి మళ్ళీ పెట్టాం. ఆటలో గడ్డి తగ్గించాం, దూరపు కొండలు తగ్గించాం. నీడలు తీసేశాక కాస్త వేగం పెరిగింది గానీ ఆయన ముఖం చిన్నబోయింది. "చెట్టుకి నీడ లేకపోతే అదేం చెట్టమ్మా," అని మళ్ళీ పెట్టించారు.

చివరికి టెంపరేచర్ చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేశాను. కార్డు కుతకుతలాడుతోంది. మరీ వేడెక్కితే అది కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. గాలెందుకు ఆడట్లేదని ఇద్దరం వంగి చూస్తే ఏముంది, బంతిపూల పొడీ కుంకుమా కలిసి ఆ జల్లెడని మెత్తినట్టు పూడ్చేశాయి. ఫ్యాన్ రెక్కలు పేరంటానికి వెళ్ళొచ్చినట్టున్నాయి. ఆయన బ్రష్‌తో రెక్కలు దులుపుతూ, భక్తి ఎక్కువైతే బాయిలర్‌కైనా ఊపిరాడదన్నారు. నవ్వుకుంటూనే దండ సంచిలో వేసుకుని స్కూటర్ మీద కాలువ దాకా వెళ్ళి స్వయంగా కలిపొచ్చారు. మర్నాటి నుంచి అరవై బొమ్మలూ అరవైగా పరిగెత్తాయి.

మేం పొరపాటు పడింది ఇక్కడేనని ఇప్పుడనిపిస్తుంది. ఒకసారి తప్పు యంత్రంలో దొరికింది కదా, రెండోసారి కూడా యంత్రంలోనే వెతికాం.

కార్తీకమాసం నడుస్తుండగా ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి గెంతడం కాదమ్మా, ఎగిరిపోతోంది అన్నారు. వంతెన మీద ఉంటానా, ఉన్నట్టుండి చూస్తే వంతెన దాటేసి రెయిలింగ్‌కి రాసుకుంటూ ఉంటాను, మధ్యలో రోడ్డు లేదు అన్నారు. మళ్ళీ ఫ్యాన్లు విప్పాం. శుభ్రంగా ఉన్నాయి. టెంపరేచర్ చల్లగా ఉంది. స్క్రీన్ కేబుల్ మార్చాం. కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనని యూపీఎస్ మార్చాం. ఒక్కొక్కటే మార్చి, ఒక్కొక్కటే వెనక్కి పెట్టి, పద్ధతి ఎక్కడా తప్పలేదు. స్క్రీన్ మూలలో ఫ్రేమ్ రేటు కనిపించేలా అంకె కూడా పెట్టాను. ఇదిగో, ఇప్పుడు ఎగిరింది అని లోపలికి కేకేసేవారు. పరిగెత్తుకొచ్చి చూస్తే అంకె అరవై దగ్గర కదలకుండా ఉండేది. నీ మీటర్ అబద్ధం చెబుతోంది అనేవారు. కంట్రోల్ రూమ్‌లో మొదటి పాఠం అదేనట. లెక్క తేడా వస్తే బాయిలర్‌ని కాదు, ముందు మీటర్‌ని అనుమానించు, ఒక మీటర్‌ని నమ్మకు, రెండోది తెచ్చి చూడు.

నాకు తెలిసిన రెండో మీటర్ నా పనే. ఆయన ఆడుతున్నప్పుడు స్క్రీనంతా రికార్డయ్యేలా పెట్టాను. ఎగిరింది అని ఆయన అన్న చోటుని తరవాత ఒక్కొక్క బొమ్మగా కదుపుతూ చూశాను, పెళ్ళి వీడియోలో తాళి కట్టే క్షణం వెతికినట్టు. ఒక్క బొమ్మ తగ్గలేదు. వంతెన ఉంది. వంతెన తరవాత రోడ్డు ఉంది. రోడ్డు పక్కన పసుపు పూల చేను ఉంది. రోడ్డు మెల్లగా వంపు తిరిగింది, లారీ తిరగలేదు. ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది. తీరుబడిగా, తొందరేమీ లేనట్టు, లారీ వెళ్ళి రెయిలింగ్‌కి తగిలింది. ఆయన ఎగిరిపోయిందన్న రోడ్డంతా నా కళ్ళ ముందే ఉంది.

కునుకు పట్టిందేమో అనుకున్నాను. అనుకోవాలని చూశాను. ఆ రికార్డింగ్ ఆయనకి చూపించలేదు, మా ఆయనకీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం నడుం వాల్చకుండా కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. స్క్రీన్ చూడలేదు, ఆయన మొహం చూశాను. రోడ్డు అటుందమ్మా అన్నారు. మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నానండీ అన్నాను. నవ్వి, గేరు మార్చి, ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మీద మనసుండాలి, ఇంజిన్ మూలుగు వినాలి అంటూ, ఆ వాక్యం మధ్యలో ఆగిపోయారు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. స్క్రీన్ వైపే ఉన్నాయి. పెదాలు వక్క నములుతున్నట్టు కదులుతున్నాయి. కుడిచెయ్యి స్టీరింగ్ వదిలేసి చొక్కా గుండీని పట్టుకుని ఊరికే గిల్లుతోంది. మావయ్యగారూ అన్నాను. గట్టిగా పిలిచాను. భుజం పట్టుకుని కుదిపాను. ఆయన నా వైపు తిరిగి నా మీదుగా దేన్నో చూసి మళ్ళీ అటే తిరిగారు. లారీ రోడ్డు దిగి గడ్డిలో పోతోంది. ఇన్నేళ్ళూ నేను భయమనుకున్నవన్నీ ఉత్త పిల్లాటలని అప్పుడు తెలిసింది. లేవలేకపోయాను, అరవలేకపోయాను. మూలనున్న అంకె మాత్రం అరవై అనే చూపిస్తోంది.

ఆయన రెప్ప వేశారు. చెయ్యి స్టీరింగ్ మీదికి వెళ్ళింది. "చూశావా, మళ్ళీ ఎగిరింది," అన్నారు.

ఆయన గోడ గడియారం చూసి లేచారు. పాప స్కూలు వదిలే వేళ. స్కూలు గుణదల దగ్గర. పటమట నుంచి రోజూ హైవే దాటి, ఏలూరు కాలువ వంతెన ఎక్కి, ఆయనే స్కూటర్ మీద తీసుకొచ్చేవారు. మేకుకి తగిలించిన తాళం తీసుకుని చెప్పులేసుకుంటున్నారు. ఆ హైవే మీద పోయే లారీలు ఆటలో లారీలు కావు. ఎలా లేచానో తెలియదు, వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన మాటకి అడ్డు చెప్పి ఎరగను, దారికి అడ్డు నిలబడడం అసలే ఎరగను.

"మావయ్యగారూ, మెషీన్ బాగానే ఉందండీ," అన్నాను.

"ఏంటమ్మా?"

"ఫ్రేములు పోవట్లేదండీ. మీరే ఆగిపోతున్నారు. ఇప్పుడే చూశాను. పిలిచాను, కుదిపాను. మీకు తెలియలేదు."

కోప్పడతారనుకున్నాను. పడలేదు. అక్కడే నిలబడి నాకు ప్రశ్నలు వేశారు. కళ్ళు తెరిచి ఉన్నాయా. చేతులు ఏం చేస్తున్నాయి. పిలిస్తే ఇటు తిరిగానా. షిఫ్టులో ఏదో జరిగితే కింది వాళ్ళని అడిగినట్టే, ఒక్క మాట ఎక్కువ లేకుండా అడిగారు. నేను ఏడుస్తూ జవాబులు చెప్పాను. రికార్డింగ్ చూపించమన్నారు. వంతెన, పసుపు పూల చేను, కొట్టుకుంటున్న ఇండికేటర్, అన్నీ చివరిదాకా చూశారు. "అయితే ఇన్నాళ్ళూ తప్పు చూపిస్తున్న మీటర్ నేనన్నమాట," అన్నారు.

ఆ తరవాత ఆయనకి పాప గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ఆ క్షణం నేను చూశాను. తాళం పట్టుకున్న చెయ్యి గజగజ వణికింది. టీ గ్లాసు తొణకని చెయ్యి అదేనని పెద్దకర్మ నాడు విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ వణుకే. రోజూ నా వెనకే కూర్చుంటోంది కదమ్మా అన్నారు. కుట్టుమిషను బల్ల పట్టుకుని అలా కిందికి జారి నేల మీద కూర్చున్నారు. తాళం నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తానే మూశారు.

"నాకు భయంగా ఉందమ్మా. నువ్వెళ్ళు. ఆటోలో వెళ్ళి తీసుకురా. ఇంక ఇది నేను అడిగినా ఇవ్వకు."

ఆటోలో పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఇంత పెద్దదాన్ని ఒళ్ళో ఎందుకమ్మా అని గింజుకుంది. తాతయ్య ఎందుకు రాలేదంది. ఒంట్లో బాగాలేదన్నాను. అప్పుడది మామూలుగా చెప్పింది, తాతయ్య సిగ్నల్ దగ్గర ఒక్కోసారి పచ్చ లైటొచ్చినా కదలడమ్మా, వెనక అందరూ హారన్లు కొడతారు, నేను వీపు మీద గిల్లితే అప్పుడు వెళ్తాడు అని. అదేదో తాతా మనవరాళ్ళ ఆట అనుకుంటోంది. ఎప్పుడూ సిగ్నల్ దగ్గరేనా, బండి కదులుతున్నప్పుడు కూడానా అని అడగబోయి ఆగాను. ఆ జవాబు వినే ధైర్యం నాకు లేదు. ఇవాళ్టికీ అడగలేదు.

తరవాత జరిగింది మీలో చాలామందికి మీ ఇళ్ళలోనే తెలిసి ఉంటుంది. స్కానింగ్, మెదడులో గడ్డ, ఆపరేషన్. మూర్ఛంటే కింద పడి కొట్టుకోవడమే కాదనీ, ఇలా కళ్ళు తెరుచుకుని కాసేపు మాయమవడం కూడా మూర్ఛేననీ డాక్టరు చెప్పారు. గడ్డ మొత్తం తియ్యడం కుదరలేదనీ, మళ్ళీ పెరుగుతుందనీ కూడా చెప్పారు. ఆ చివరి మాట నాన్నకి చెప్పొద్దన్నారు మా ఆయన. పదిమంది ఎదుట గట్టిగా ఉండే మనిషి ఆయన, ఆస్పత్రి మెట్ల మీద నా భుజం పట్టుకుని ఏడ్చారు. సరేనన్నాను. కానీ ఇంటికొచ్చిన రెండో రోజే మావయ్యగారు నన్ను పిలిచి, నా ప్యానెల్ మీద లైట్లు ఆపేసి ఏం లాభం అమ్మా, చెప్పు అన్నారు. చెప్పాను. భయం వేస్తోంది, నీకు వేస్తోందా అని అడిగారు. వేస్తోందండీ అన్నాను. మంచిదే, ఇద్దరికీ అలారం పనిచేస్తోంది అన్నారు. ఆ పూట మేమిద్దరం టీ తాగుతూ ఊరికే భయపడుతూ కూర్చున్నాం. దాచుకోవాల్సిన పనిలేకపోవడం వల్ల నాకు ఊపిరి కొంచెం తేలికైంది.

బండి ముట్టుకోవద్దు గానీ ఆట ఆడుకోవచ్చని డాక్టరు అన్నారు. మందులతో ఆ ఖాళీలు కొన్నాళ్ళు తగ్గి, ఎండలు ముదిరేసరికి మళ్ళీ వచ్చాయి. ఆయన నన్ను ఒకటే కోరారు. ఎగిరిపోయినప్పుడు మధ్యలో ఏం జరిగిందో నాకు చెప్పమ్మా, నా షిఫ్టులో ఏం జరిగిందో నాకు తెలియకపోవడం నా వల్ల కాదు అన్నారు. అప్పటి నుంచి నా ఎడిటింగ్ పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఆయన ఆగినప్పుడు లారీ రోడ్డు దిగబోతే బ్రేకు నేను తొక్కేదాన్ని. తిరిగొచ్చి రెప్ప వెయ్యగానే చెప్పేదాన్ని. వంతెన దాటారండీ, ఎడంపక్క గొర్రెల మంద పోయింది, ఎదురుగా బస్సొచ్చింది, లైటు కొట్టి వెళ్ళింది. ఆయన తలూపి, షిఫ్టు చేతులు మారినప్పుడు చెప్పినట్టు, సరే తీసుకున్నాను అని మళ్ళీ గేరు వేసేవారు. ఈసారి తిరిగి రారేమో అనుకుంటూనే గొర్రెల్ని చూసేదాన్ని. భయపడుతూ కూడా కళ్ళు తెరిచి చూడొచ్చని, చూసింది చూసినట్టు చెప్పొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఎడంచెయ్యి పట్టు తప్పాక స్టీరింగ్ నాకిచ్చారు. నేను వణుకుతూ నడిపేదాన్ని. ఉత్త బొమ్మ లారీకి కూడా నా మెడ నరాలు బిగుసుకుపోయేవి. నువ్వు నడిపితే ఫ్రేములు కాదమ్మా, నా ప్రాణం ఎగిరిపోతోంది అనేవారు. మాట ముద్దగా వచ్చేది, అయినా వేళాకోళం మానలేదు. పాప నవ్వేది. ఒకసారి మలుపులో హారన్ కొట్టడం మర్చిపోతే నా చెయ్యి మీద వేలితో మెల్లగా పొడిచారు. ఇక్కడ మనుషులే లేరు కదండీ అన్నాను. మన కళ్ళకి లేరు, అంతే అన్నారు.

వానలు పడేసరికి కుర్చీలో కూర్చోలేకపోయారు. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. ఖాళీలు పెద్దవయ్యాయి. వాటి మధ్యలో ఆయన ఉండే సమయమే చిన్నదైంది. తిరిగొచ్చినప్పుడు అడగడానికి మాట రాకపోయినా కనుబొమ్మలు కొంచెం పైకి లేచేవి. అది ప్రశ్నని నాకు తెలుసు. పాలబ్బాయి వచ్చి వెళ్ళాడండీ, కరెంటు పోయి వచ్చింది, మీ అబ్బాయి స్నానానికి వెళ్ళారు అని చెప్పేదాన్ని. కనుబొమ్మలు దిగేవి.

ఆ రోజు అన్నం గిన్నెలు సర్దుతుండగా మొదలైంది. చూపు కిటికీ వైపు ఉంది. పెదాలు కదలడం లేదు, వేళ్ళు గుండీ వెతుక్కోవడం లేదు. ఊపిరి ఒకటి వచ్చాక ఇంకొకటి రావడానికి చాలాసేపు పడుతోంది. మా ఆయన పక్క గదిలో డాక్టరుకి ఫోన్ చేస్తున్నారు. ఇది తిరిగొచ్చే ఖాళీ కాదని నాకు తెలుసు. పారిపోవాలనిపించింది, నిజంగా, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి ఎటైనా పోవాలనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. తిరిగొచ్చాక చెప్పడానికి వీలుండదు కాబట్టి అప్పుడే, జరుగుతున్నది జరుగుతున్నట్టే చెప్పడం మొదలుపెట్టాను.

వాన మొదలైందండీ అన్నాను. ఎదురింటావిడ బాల్కనీలో బట్టలు తీస్తోంది, ఒక తువ్వాలు కింద పడింది. మీ అబ్బాయి ఇక్కడే ఉన్నారు, వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. వాన పెద్దదైంది. కింద ఆటో ఆగింది. గేటు చప్పుడైంది. ఆయన చెయ్యి నా చేతిలో బరువెక్కిపోయింది. మా ఆయన నాన్నా అన్నారు. నేను ఆపలేదు.

"పాప వచ్చేసిందండీ," అన్నాను. "గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది."